వాచీ మార్చే వేళ: పాతది బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

వాచీ ఆగిపోగానే చాలామంది ఫోన్ తీసి కొత్త మోడళ్లు చూడటం మొదలుపెడతారు. ఆ తర్వాత రేట్లు పోలుస్తారు, ఎవరైనా ఆఫర్ ఉందంటే ఆగుతారు. పాత వాచీ వెనక మూత తీయించి చూడటమన్నది ఎక్కడో చివర్న గుర్తొస్తుంది. నన్నడిగితే అదే మొదటి పని. కొత్తది ఎప్పుడు కొనాలో తేల్చాలంటే ముందు పాతదానికి వచ్చిన రోగమేమిటో తెలియాలి. సగం కేసుల్లో అది సెల్లో, వాషరో, పిన్నో అయి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది మామూలుగా మన చేతులకుండే వాచీల సంగతి. లక్షలు పోసి కొనే స్విస్ వాచీల లెక్క వేరు. వాటి గురించి అవసరమైన చోట ఒక మాట చెబుతాను.

మొదటి మెట్టు: మీది ఏ రకం?

సెకన్ల ముల్లును చూడండి. సెకనుకోసారి గెంతుతుంటే అది దాదాపుగా సెల్ వాచీ, అంటే క్వార్ట్జ్. ఆగకుండా జారుతున్నట్టు తిరుగుతుంటే కీ ఇచ్చేదో, చేతి కదలికతో తిరిగే ఆటోమేటిక్కో అయి ఉంటుంది. రాత్రి ఛార్జింగ్ పెట్టేదైతే చెప్పక్కర్లేదు, స్మార్ట్ వాచీ. ఈ మూడింటికీ ఆయుష్షు తీరే పద్ధతి వేరు. అందుకే ఒకదానికి పనికొచ్చే సలహా ఇంకోదానికి పనికిరాదు.

మన దేశంలో ఈ మూడు తరాలూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, సోనా లాంటి కీ వాచీలు ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. 1969 డిసెంబర్‌లో సీకో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ తెచ్చాక ప్రపంచమంతా సెల్ వాచీల వైపు తిరిగింది. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టైటాన్ హోసూరు నుంచి ఆ వాచీలనే మన ఊళ్లకు పంపింది. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయడానికి 2016లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇంతలో స్మార్ట్ వాచీలు వచ్చిపడ్డాయి. తాత కీ వాచీ, నాన్న సెల్ వాచీ, మనవడి స్మార్ట్ వాచీ ఒకే టేబుల్ మీద ఉంటే, వాటిలో ముందుగా చెత్తకు వెళ్లేది మనవడిదే. కొన్నప్పుడు దాని ఖరీదు ఎంతైనా కావచ్చు.

రెండో మెట్టు, సెల్ వాచీ: మూత తీయించకుండా తీర్పు చెప్పొద్దు

సెకన్ల ముల్లు ఒక్కో సెకను కాకుండా నాలుగైదు సెకన్లు ఒకేసారి దూకుతోందా? చాలా మోడళ్లలో అది సెల్ అయిపోవస్తోందని వాచీ చేసే హెచ్చరిక. పాడైపోయిందని కంగారు పడొద్దు, సెల్ మార్పిస్తే సరిపోతుంది. అయితే అలా దూకుతున్న వాచీని నెలల తరబడి డ్రాయర్లో పడేయొద్దు. అయిపోయిన సెల్ లోపలే ఉండిపోతే కారుతుంది. అలా మెషిన్ పాడైన వాచీలే ఎక్కువ.

సెల్ మార్పించేటప్పుడు పక్కనే నిలబడి మూడు విషయాలు గమనించండి.

ఒకటి, పాత సెల్ మీద ఏం రాసుందో చూడండి. ముళ్ల వాచీల్లో ఎక్కువగా ఎస్‌ఆర్ 626 కనిపిస్తుంది. 6.8 మిల్లీమీటర్ల వెడల్పు, 2.6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది సిల్వర్ ఆక్సైడ్ సెల్. 1.55 వోల్టులు ఇస్తూ చివరిదాకా దాదాపు అదే బలంతో ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అదే సైజులో ఎల్‌ఆర్ 626 అని ఆల్కలైన్ సెల్ చవగ్గా దొరుకుతుంది. దాని వోల్టేజీ మెల్లమెల్లగా తగ్గుతూ పోతుంది, కారే భయమూ ఎక్కువ. పాతిక, ముప్పై రూపాయలు మిగులుతాయని రెండోది వేయించుకుంటే ఆరు నెలలకే మళ్లీ అదే షాపు మెట్లెక్కాలి. "ఎస్‌ఆర్ సెల్లే వెయ్యండన్నా" అని ముందే చెప్పండి.

రెండు, సెల్ తీసిన చోటు. అక్కడ లోహం మెరుస్తూ ఉంటే దిగుల్లేదు. తెల్లటి పొడి కానీ, ఆకుపచ్చ మచ్చలు కానీ ఉంటే సెల్ కారింది. కాస్తే అయితే శుభ్రం చేస్తే పోతుంది. రాగి తీగ చుట్టిన చిన్న కాయిల్ దాకా పాకితే మాత్రం మెషిన్ పోయినట్టే లెక్క.

మూడు, వాషర్. వెనక మూత చుట్టూ ఉండే సన్నటి నల్ల రబ్బరు చుట్టు అది. తెగినా, సాగినా, పొడిబారి గట్టిపడినా కొత్తది అడగండి. అది సరిగ్గా లేకపోతే డయల్ మీద ఎన్ని మీటర్లు రాసున్నా చేయి కడుక్కున్నప్పుడల్లా నీళ్లు లోపలికి వెళ్తాయి. సెల్ మార్చిన వారానికే అద్దం కింద ఆవిరి కనిపించిందంటే చాలాసార్లు కారణం ఇదే.

సరే, మెషిన్ పోయిందనుకుందాం. అప్పుడు కూడా వాచీ పని అయిపోయిందనుకోవద్దు. మధ్య తరగతి సెల్ వాచీల్లో చాలావాటిలో ఉండేది మియోటా, సీకో లాంటి జపాన్ కంపెనీల మామూలు మెషిన్లే. మియోటా 2035 లాంటివి లెక్కలేనన్ని బ్రాండ్లలో ఉన్నాయి. రిపేరు తెలిసినవాడు పాతదాన్ని విప్పి బాగు చేయడు. మొత్తం మెషిన్ తీసేసి అదే నంబరు కొత్తది పెట్టి, డయల్, ముళ్లు తిరిగి బిగిస్తాడు. డయల్, కేస్ (వాచీ బయటి చట్రం) మీకు నచ్చినవై, ఖర్చు తట్టుకునేలా ఉంటే నిస్సంకోచంగా చేయించండి. క్రోనోగ్రాఫ్‌లు (స్టాప్‌వాచ్ కూడా ఉండే వాచీలు), మరీ పల్చటి వాచీలు, కంపెనీ సొంత మెషిన్ ఉన్నవి మాత్రం ఇంత సులువుగా తేలవు. వాటిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లి, ఎంతవుతుందో రాయించుకోండి.

టైమ్ తప్పుతోందన్న ఫిర్యాదుకు కూడా ఒక కొలత ఉంది. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, ఆ లెక్క మీదే వాచీ నడుస్తుంది. మామూలు సెల్ వాచీ నెలకు 15, 20 సెకన్లు అటూ ఇటూ కావడం సహజం. రోజుకు నిమిషాలు వెనకబడుతుంటే సెల్ నీరసపడింది, లేదా లోపల మురికి చేరింది. రెండూ బాగయ్యేవే.

మూడో మెట్టు, కీ వాచీలు, ఆటోమేటిక్‌లు: ఓపిక ఉన్నవాళ్లకు

వీటికి చావు అంత త్వరగా రాదు. వచ్చేదల్లా నూనె ఎండిపోవడం. లోపలి చక్రాలకు పెట్టిన నూనె కొన్నేళ్లకు గట్టిపడుతుంది, రాపిడి పెరుగుతుంది, వాచీ వెనకబడుతుంది లేదా మధ్యలో ఆగుతుంది. నాలుగైదేళ్లకోసారి విప్పి, కడిగి, నూనె వేయించడాన్నే సర్వీసింగ్ అంటారు.

ఆటోమేటిక్ వాచీ పగలంతా పెట్టుకున్నా తెల్లారేసరికి ఆగుతోందంటే కొత్తది చూసే ముందు ఒక పరీక్ష చేయండి. కీ ఇచ్చే వీలున్న మోడలైతే 20 నుంచి 30 చుట్లు తిప్పి, కదపకుండా టేబుల్ మీద పెట్టండి. మామూలు వాచీ 40 గంటల దగ్గర్లో నడవాలి. అలా నడిస్తే వాచీ బాగానే ఉంది, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగంలో మీ చేయి దానికి సరిపడా కదలట్లేదంతే. పదీ పదిహేను గంటలకే ఆగితే సర్వీసింగ్ వేళయింది.

ఇంకో విచిత్రం, నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకు ఎన్నో నిమిషాలు ముందుకు పరుగెత్తడం. చాలాసార్లు అది అయస్కాంతం పని. స్పీకర్లు, ట్యాబ్ కవర్లు, హ్యాండ్‌బ్యాగ్ గుండీల్లోని అయస్కాంతాల దగ్గర పెడితే లోపలి సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మామూలు దిక్సూచి దగ్గరకు వాచీని తీసుకెళ్లండి, ముల్లు కదిలితే అనుమానం గట్టిపడినట్టే. డీమాగ్నెటైజర్ ఉన్న షాపులో నిమిషంలో పోతుంది. దీనికోసం వాచీ మార్చినవాళ్లను చూస్తే జాలేస్తుంది.

రోజుకు 20, 30 సెకన్ల తేడా మాత్రం మామూలు మెకానికల్ వాచీల్లో తప్పు కాదు. స్విట్జర్లాండ్‌లో వాచీల కచ్చితత్వాన్ని పరీక్షించి క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే కోస్క్ సంస్థ ప్రమాణమే రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల సగటు. అంత ఖరీదైనవాటికే అంత వెసులుబాటు ఉంటే, మన చేతి వాచీని సెల్‌ఫోన్ టైమ్‌తో పోల్చి బాధపడటం దండగ. సెకను తేడా రాకూడదు అనేవాళ్లు సెల్ వాచీయే కొనుక్కోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకున్న కీ వాచీ విషయంలో డబ్బు లెక్క పక్కన పెట్టండి. వాచీ ధర కంటే సర్వీసింగ్‌కే ఎక్కువ అయినా చేయించవచ్చు. కాకపోతే డయల్‌కు కొత్త పెయింట్ వేస్తామని అంటే ఒప్పుకోకండి. వద్దని గట్టిగా చెప్పండి. ఆ మచ్చలు, ఆ పసుపు రంగే దాని విలువ. ఆన్‌లైన్‌లో పాత హెచ్‌ఎంటీల పేరుతో తళతళలాడుతూ అమ్మేవాటిలో చాలావరకు మళ్లీ రంగులేసిన డయళ్లు, రకరకాల వాచీల ముక్కలు కలిపి అతికినవే. అవి కొనేముందు డయల్ మీద అక్షరాల అంచులు పెద్దవిగా చేసి చూడండి. పాకినట్టు, లావుగా ఉంటే వదిలేయండి.

నాలుగో మెట్టు, స్మార్ట్ వాచీ: దీనికి ఎక్స్‌పైరీ ఉంది

ఇక్కడ నా అభిప్రాయం కాస్త కఠినం. స్మార్ట్ వాచీని వాచీగా కాదు, ఫోన్‌లా చూడాలి. దాని ఆయుష్షు రెండు చోట్ల తీరుతుంది, బ్యాటరీలో, సాఫ్ట్‌వేర్‌లో.

బ్యాటరీ ముందు. లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టినకొద్దీ అరుగుతుంది. యాపిల్ తన వాచీ బ్యాటరీ 1000 సార్లు పూర్తి ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం నిలిచేలా తయారు చేశామంటుంది. రోజూ ఛార్జ్ చేస్తే ఎంతకాలమో మీరే లెక్క వేసుకోవచ్చు. కొన్నప్పుడు వారం వచ్చేది ఇప్పుడు రెండు రోజులకు పడిపోయిందా? ముందు ఎప్పుడూ వెలిగే డిస్‌ప్లే, పగలూ రాత్రీ గుండె వేగం కొలవడం ఆపి చూడండి. అయినా మార్పు లేకపోతే బ్యాటరీయే. కంపెనీ బ్యాటరీ మార్చే సౌకర్యం ఇస్తుందేమో అడగండి. చవక వాచీల్లో బ్యాటరీని జిగురుతో అతికించేస్తారు. విప్పితే నీళ్లను ఆపే శక్తి పోతుంది, అందుకని బయట షాపుల్లో చేయించినా దాన్ని స్నానానికి పెట్టుకెళ్లకూడదు.

స్క్రీన్ ఒక పక్క లేచినట్టు కనిపిస్తే మాత్రం ఆలోచించొద్దు. బ్యాటరీ ఉబ్బింది. వెంటనే చేతి నుంచి తీసేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి మూయడానికి చూడొద్దు.

సాఫ్ట్‌వేర్ సంగతికి ఒక ఉదాహరణ. యాపిల్ వాచ్ సిరీస్ 3 వచ్చింది 2017లో. 2022లో వచ్చిన వాచ్‌ఓఎస్ 9 (ఆ వాచీలను నడిపే సాఫ్ట్‌వేర్) దానికి ఇవ్వలేదు. అయిదేళ్లు. యాపిల్ లాంటి కంపెనీకే ఇదీ లెక్క. రెండు, మూడు వేల రూపాయల వాచీలకు ఇంకా ముందే ఆగుతుంది. కొన్నిటికి అప్‌డేట్లు ఆగడం ఒక్కటే కాదు, ఫోన్‌లో దాని యాప్ కూడా కొత్త ఆండ్రాయిడ్‌తో సరిగా పనిచేయదు. నోటిఫికేషన్లు రావు, అడుగుల లెక్క ఫోన్‌కు చేరదు. ఆ దశ వచ్చాక మిగిలేది టైమ్ చూపే చిన్న స్క్రీన్. అదే చాలనుకుంటే వాడుకోండి, లేకపోతే మార్చేయండి. దానిమీద రిపేరు డబ్బు పెట్టడం మాత్రం వృథా.

ఆరోగ్యం కోసం కొనేవాళ్లకు ఒక మాట. చవక వాచీల్లో బీపీ, షుగర్ అంటూ చూపే అంకెలను నమ్మి మందులు మార్చొద్దు. ఇంట్లో అమ్మకో నాన్నకో బీపీ ఉంటే ఆ డబ్బుతో చేతికి పట్టీ చుట్టి కొలిచే మంచి మిషన్ కొనండి.

అయిదో మెట్టు: బయటి దెబ్బలు

స్ట్రాప్ తెగడం, చైను పిన్ను ఊడటం, అద్దం మీద గీతలు వాచీ మార్చడానికి కారణాలు కావు. మామూలు మినరల్ గ్లాస్ ఎక్కడైనా మార్చేస్తారు. లెదర్ స్ట్రాప్ మన ఎండలకు, చెమటకు ఏడాదీ ఏడాదిన్నరలో వాసన కొట్టక మానదు, దాన్ని అరిగే వస్తువుగానే లెక్కపెట్టుకోవాలి.

కానీ స్ట్రాప్ పిన్ను కూర్చునే రంధ్రాలు కేస్‌లోనే అరిగిపోతే ఆలోచించాలి. పిన్ను ఎన్నిసార్లు మార్చినా బస్సు ఎక్కే తోపులాటలో వాచీ జారిపోతుంది. బంగారు రంగు పూత పోయి ఇత్తడి బయటపడి, చర్మం మీద దద్దురు వస్తుంటే కూడా అంతే. ఈ రెండూ సరిచేయించడం కంటే కొత్తది కొనడమే నయం.

నీళ్ల సంగతీ ఇక్కడే. డయల్ మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకు దిగొచ్చని కాదు, చినుకులు, చేతులు కడుక్కోవడం వరకే. ఈత కొట్టాలంటే 100 మీటర్లది ఉండాలి. విశాఖ బీచ్‌లోనో, సూర్యలంకలోనో ఉప్పునీళ్లలో మునిగితే లోపలికి నీళ్లు పోలేదనిపించినా ఇంటికొచ్చి మంచినీళ్లతో పైన కడగండి. లోపల తడి కనిపిస్తే బియ్యంలో పెట్టే చిట్కాలు నమ్మొద్దు, అదే రోజు మూత తీయించండి. ఒక వారం ఆలస్యమైతే ముళ్ల మీద తుప్పు మొదలవుతుంది, బాగయ్యే వాచీ కాస్తా కొనాల్సిన వాచీ అవుతుంది.

ఆరో మెట్టు: డబ్బు లెక్క

రిపేరుకు ఎంతవుతుందో రెండు చోట్ల అడగండి, ఒకటి కంపెనీ సర్వీస్ సెంటర్, ఇంకోటి మీ ఊళ్లో నమ్మకమైన రిపేరు షాపు. నేను పాటించే లెక్క ఇది. ఇప్పుడు అలాంటిదే కొత్తది కొంటే అయ్యే ధరలో మూడో వంతు లోపు అయితే బాగు చేయిస్తాను. సగం దాటితే వదిలేస్తాను. మధ్యలో ఉంటే ఆ వాచీ నాకెంత ఇష్టమో చూసుకుంటాను. గమనించండి, పాత వాచీ కొన్నప్పటి ధరతో పోల్చకూడదు, ఇవాళ్టి ధరతో పోల్చాలి. పదేళ్ల కిందట 1500కు కొన్నదాని సాటి ఇవాళ ఎంత పలుకుతుందో చూడకుండా "రిపేరుకే 700 అంట" అని గుండెలు బాదుకోవడం న్యాయం కాదు.

ఏడో మెట్టు: పాడవకపోయినా కొనాల్సిన సందర్భాలు

ఉన్నాయి, అన్నీ డాబుకే అనుకోవద్దు. చత్వారం వచ్చి చిన్న డయల్ కనపడకపోతే కొనాలి. పెద్ద అంకెలు, తెల్ల డయల్ మీద నల్ల ముళ్లు, తేదీ గళ్లు ఎక్కువ లేనిది. చాలామంది పిల్లలు తల్లిదండ్రులకు స్మార్ట్ వాచీ బహుమతిగా ఇస్తారు, వాళ్లు నాలుగు రోజులు పెట్టుకుని ఛార్జింగ్ మర్చిపోతారు. వాళ్లకు సెల్ వాచీయే సుఖం.

పోటీ పరీక్షలు రాసే పిల్లలకు కొనేముందు చూసుకోండి. నీట్ లాంటి పరీక్షల హాల్లోకి ఏ రకం వాచీనీ రానివ్వరు. "పరీక్షకు పనికొస్తుంది" అన్న కారణంతో కొంటే అది గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో టైమ్ పెట్టుకుని మాక్ టెస్టులు రాయడానికైతే మీ ఇష్టం.

పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టే ఇళ్లలో ఒక సూచన. ముందే పెళ్లికొడుకును అడగండి. "బాబూ, మీరు ఏ వాచీ పెట్టుకుంటారు?" అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. చెప్పకుండా కొన్న బరువైన బంగారు రంగు చైను వాచీలు ఎన్ని ఇళ్లలో డబ్బాలోనే పడున్నాయో.

ఎనిమిదో మెట్టు: ఏడాదిలో ఎప్పుడు?

తొందర లేకపోతే దసరా, దీపావళి ముందు వచ్చే ఆన్‌లైన్ అమ్మకాల దాకా ఆగండి. జనవరి 26, ఆగస్టు 15 దగ్గర్లోనూ తగ్గింపులు ఉంటాయి. కానీ పైన వేసే ఎమ్మార్పీ చూసి 70 శాతం తగ్గింపని మురిసిపోవద్దు. మీకు నచ్చిన మోడల్ ధరను నెలముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అప్పుడు అసలు తగ్గిందెంతో తెలుస్తుంది.

స్మార్ట్ వాచీలకు వేరే క్యాలెండర్. యాపిల్ కొత్త వాచీలు ఏటా సెప్టెంబర్‌లో, శాంసంగ్‌వి సాధారణంగా జులై, ఆగస్టులో వస్తాయి. సరిగ్గా దానికి నెల ముందు పాత మోడల్ పూర్తి ధరకు కొనడం తెలివితక్కువ పని. కొత్తది వచ్చాక పాతది తగ్గుతుంది, అయితే దానికి అప్‌డేట్లు వచ్చే కాలం కూడా ఒక ఏడు తగ్గినట్టేనని మర్చిపోవద్దు.

స్విస్ వాచీ కలగనేవాళ్లకు: స్విట్జర్లాండ్ కూడా ఉన్న ఎఫ్టా కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం కొన్నేళ్లలో దశలవారీగా తగ్గుతుంది. అలాగని ఏళ్లు ఎదురుచూడటంలో అర్థం లేదు, ఆ కంపెనీలూ ధరలు పెంచుతూనే ఉంటాయి.

తొమ్మిదో మెట్టు: కొనే రోజు

మణికట్టు చుట్టూ దారం చుట్టి కొలిచి, ఆ కొలత దగ్గర పెట్టుకోండి. 16 సెంటీమీటర్ల మణికట్టు మీద 46 మిల్లీమీటర్ల డయల్ మరీ పెద్దగా కనిపిస్తుంది. షాపులో చేయి చాచి, దూరం నుంచి అద్దంలో చూసుకోండి. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తే ఏ వాచీ అయినా పెద్దగానే కనిపిస్తుంది.

బిల్లు తప్పనిసరి. వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర, వాచీ నంబరు అక్కడే రాయించుకోండి. వారంటీ సాధారణంగా మెషిన్‌కే వర్తిస్తుంది, అద్దానికీ స్ట్రాప్‌కూ సెల్‌కూ కాదు. ఇంకో ప్రశ్న చాలామంది అడగరు: మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా? బ్రాండ్ ఎంత గొప్పదైనా సెల్ మార్పించడానికి హైదరాబాద్‌కో విజయవాడకో కొరియర్ చేయాలంటే విసుగొస్తుంది. "ఫస్ట్ కాపీ" అంటూ రోడ్డు పక్కన అమ్మే నకిలీల జోలికి వెళ్లొద్దు. వాటికి బిల్లుండదు, వారంటీ ఉండదు, పాడైతే విడిభాగాలూ దొరకవు.

తేదీ గడి ఉన్న ముళ్ల వాచీ కొంటే ఇంకో జాగ్రత్త. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య కీ లాగి తేదీ మార్చొద్దు. ఆ గంటల్లో తేదీ పళ్ల చక్రం పట్టులో ఉంటుంది, బలవంతంగా తిప్పితే పన్ను విరుగుతుంది. ముళ్లను ముందు ఆరు గంటల దగ్గరకు తెచ్చి, అప్పుడు తేదీ మార్చి, తర్వాత టైమ్ సరిచేసుకోండి.

పాత వాచీని దాచిపెట్టాలనుకుంటే సెల్ తీయించి, మూత బిగించి, పొడిగా ఉన్న డబ్బాలో పెట్టండి. కీ వాచీనైతే నెలకోసారి నాలుగు చుట్లు తిప్పండి. పాడైన స్మార్ట్ వాచీని చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. ఇచ్చేముందు ఫోన్ యాప్‌లోంచి దాన్ని తొలగించి, వాచీని రీసెట్ చేయండి.